జీవిత బీమా పాలసీని దానంగా ఇవ్వాలంటే: ఎల్ఐసీ అసైన్‌మెంట్ సేవపై సమీక్ష

"మా తర్వాత ఈ డబ్బు ఊళ్లో బడికి పోవాలి", "అన్నదాన సత్రానికి చేరాలి" అంటూ పాలసీ బాండు చేతిలో పట్టుకుని అడిగేవాళ్లకు చాలామంది ఏజెంట్లు చెప్పే జవాబు ఒకటే: ట్రస్టు పేరు నామినీగా రాసేద్దాం సార్, పనైపోతుంది. పని అవదు. ఆ మనిషి పోయాక ఆ డబ్బు ట్రస్టుకు దక్కుతుందన్న భరోసా ఆ ఒక్క గీతతో రాదు.

నామినేషన్, వీలునామా, అసైన్‌మెంట్ (పాలసీ మీద హక్కునే బదిలీ చేయడం) అని మూడు దారులున్నాయి. పైకి మూడూ ఒకే చోటికి పోతున్నట్టు కనిపిస్తాయి గానీ చట్టం దగ్గరికి వచ్చేసరికి వాటికి పొంతన లేదు. ఈ సమీక్ష ముఖ్యంగా మూడోదాని గురించి. తెలుగు ఇళ్లలో బీరువా తెరిస్తే ఎక్కువగా కనిపించేవి ఎల్ఐసీ బాండ్లే కాబట్టి ఉదాహరణలు అక్కడివే తీసుకున్నాం. వర్తించే చట్టం 1938 నాటి బీమా చట్టం. ప్రైవేటు కంపెనీలకూ అదే.

తీర్పు ముందే చెప్పేస్తాం. ప్రీమియాలు కట్టడం అయిపోయిన పాత పాలసీ ఉండి, పిల్లలు స్థిరపడి, భార్యకో భర్తకో వేరే ఆధారం ఉన్నవాళ్లకు అసైన్‌మెంట్ చాలా మంచి సాధనం. పన్ను మిగులుతుందన్న ఆశతో కొత్త పాలసీ కొని సంస్థకు ఇవ్వాలనుకునేవాళ్లు ఆ ఆలోచన మానుకోవడం మేలు. ఆ ప్రీమియం డబ్బునే ఏటా విరాళంగా పంపితే సంస్థకు ఇప్పుడే ఉపయోగపడుతుంది. ఇక ఇంట్లో సంపాదించే మనిషి ఒక్కరే అయితే, ఆ మనిషి టర్మ్ పాలసీని (గడువులోపు పోతేనే డబ్బు వచ్చే పాలసీని) దానం కోసం ముట్టుకోకూడదు. అది ఇంటివాళ్ల అన్నం.

నామినేషన్ ఎందుకు చాలదు

రక్తసంబంధం గానీ ఆర్థిక సంబంధం గానీ లేని బయటివాళ్లను నామినీగా పెడతామంటే బీమా కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు. ఎక్కడైనా ఒప్పుకుని సంస్థ పేరు నమోదు చేసినా అసలు చిక్కు తర్వాత వస్తుంది. నామినీ అంటే కంపెనీ నుంచి డబ్బు అందుకునే చెయ్యి మాత్రమేననీ, ఆ డబ్బు మీద హక్కు వారసులదేననీ సర్బతీ దేవి కేసులో సుప్రీంకోర్టు 1983లోనే చెప్పింది. 2015 సవరణ తర్వాత బీమా చట్టం 39వ సెక్షన్‌లో కొందరు నామినీలకు సొంత హక్కు వచ్చింది. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు: ఇంతే ఆ జాబితా. అందులో ట్రస్టులు లేవు, సంఘాలు లేవు, గుళ్లు లేవు.

అంటే నామినీగా ఉన్న ట్రస్టు ఖాతాలోకి 5 లక్షలు వచ్చాక, ఓ కొడుకో అల్లుడో లాయరు నోటీసు పంపిస్తే ట్రస్టు ఆ డబ్బు తిరిగి ఇవ్వాల్సి రావచ్చు. అప్పటికే దాంతో తరగతి గది కట్టేసి ఉంటే ఆ సంస్థ పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. దాత మంచి మనసుతో చేసిన పని సంస్థ మెడకు చుట్టుకోకూడదు కదా.

వీలునామా పనికొస్తుంది, పరిమితులతో

1925 వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించడం మంచిది. పాలసీ నంబరు, కంపెనీ పేరు, సంస్థ పూర్తి పేరు, దాని పాన్ నంబరు రాయాలి. "నా బీమా డబ్బులు సేవకు" అని ఒక వాక్యం రాసి వదిలేస్తే ఏ సేవకో తేల్చడానికి కోర్టుకు పోవాల్సి వస్తుంది.

ఇక్కడా ఒక మడత ఉంది. కంపెనీ వీలునామా చూడదు, నామినీకి డబ్బిచ్చి తన బాధ్యత తీర్చుకుంటుంది. ఆ నామినీ భార్యో కొడుకో అయితే 39వ సెక్షన్ వాళ్లకు ఇచ్చిన హక్కు గొప్పదా, వీలునామా గొప్పదా అన్న ప్రశ్న లేస్తుంది. ఆ సెక్షన్‌ను అన్ని హైకోర్టులూ ఒకేలా చదవలేదు. ముస్లింలయితే వీలునామాతో ఇవ్వగలిగేది ఆస్తిలో మూడో వంతు వరకే అన్నదీ గుర్తుంచుకోవాలి. ఇంటివాళ్లందరికీ దానం ఇష్టమై, నామినీ తనంతట తాను డబ్బు తీసుకెళ్లి సంస్థకు ఇచ్చేలా ఉంటే వీలునామా చాలు. మనసు మారితే మార్చుకునే వీలుండటం దీనికున్న పెద్ద సుగుణం. ఇంట్లో ఒక్కరికి ఇష్టం లేకపోయినా దీని మీద ఆధారపడొద్దు.

అసైన్‌మెంట్: అసలు సరుకు ఇది

బీమా చట్టం 38వ సెక్షన్ కింద పాలసీ మీద హక్కునే బతికుండగా మరొకరికి బదిలీ చేయడం అసైన్‌మెంట్. ఇందులో రెండు రకాలు.

మొదటిది పూర్తి అసైన్‌మెంట్. నమోదైన క్షణం నుంచి పాలసీ యజమాని ట్రస్టే. మెచ్యూరిటీ డబ్బు దానిది, మరణ క్లెయిము దానిది. పాలసీ మీద అప్పు తీసుకున్నా, రేపే సరెండర్ చేసి (గడువుకు ముందే పాలసీ వదులుకుని) డబ్బు తీసుకున్నా దాతను అడగక్కర్లేదు. పాత నామినేషన్ దానంతట అదే రద్దవుతుంది. మళ్లీ వెనక్కి కావాలంటే ట్రస్టు తిరిగి అసైన్ చేయాలి తప్ప దాత ఒక్కడే రద్దు చేయలేడు. ఈ చివరి మాట సంతకం పెట్టేవాళ్లకు రెండుసార్లు చెప్పాలి. అరవై ఏళ్ల వయసులో ఉదారంగా ఇచ్చేసి, డెబ్బై ఏళ్లకు ఆసుపత్రి ఖర్చులకు ఆ పాలసీయే దిక్కయితే చేయగలిగింది ఏమీ ఉండదు.

రెండోది షరతులతో కూడిన అసైన్‌మెంట్. దీని గురించి ఎక్కువమందికి తెలియదు. దానం చేయాలనుకునే నడివయసు వాళ్లకు చట్టంలో ఇంతకంటే మంచి వెసులుబాటు లేదని మా అభిప్రాయం. చట్టం రెండు షరతులను స్పష్టంగా ఒప్పుకుంటుంది. ఒకటి, పాలసీదారు కంటే ముందే అసైనీ (పాలసీని రాయించుకున్నవాళ్లు) లేకుండా పోతే డబ్బు పాలసీదారుకో నామినీకో రావడం. రెండు, పాలసీ గడువు దాటి పాలసీదారు బతికుంటే డబ్బు ఆయనకే రావడం. రెండో షరతు పెడితే లెక్క చాలా సుఖంగా ఉంటుంది: గడువులోపు మనిషి పోతే ట్రస్టుకు, బతికుంటే మెచ్యూరిటీ సొమ్ము తనకే. ఈ రకంలో ట్రస్టు పాలసీ మీద అప్పు తీసుకోలేదు, సరెండర్ చేయలేదు. ఈ రెండూ కాకుండా "ట్రస్టు లెక్కలు సరిగా లేకపోతే", "మా అబ్బాయి ఒప్పుకుంటే" లాంటి సొంత షరతులు కల్పించి రాస్తే కంపెనీ దాన్ని తిప్పి పంపే అవకాశమే ఎక్కువ.

2015 సవరణతో పాలసీలో కొంత భాగాన్ని మాత్రమే అసైన్ చేయడమూ సాధ్యమైంది. 10 లక్షల పాలసీలో 3 లక్షలు ట్రస్టుకు రాయొచ్చు. అయితే మిగిలిన 7 లక్షలను మళ్లీ ఇంకెవరికీ అసైన్ చేయడానికి వీల్లేదు. రేపు ఇంటి అప్పు కోసం బ్యాంకు ఈ పాలసీని అడగొచ్చనుకుంటే ఈ భాగాల జోలికి పోకండి. పాక్షికంగా రాశాక మిగతా మొత్తానికి నామినేషన్ ఎలా ఉందో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవడం కూడా అవసరం.

ట్రస్టే నేరుగా దాత ప్రాణం మీద పాలసీ తీసుకుంటే సరిపోదా అని కొన్ని సంస్థలు అడుగుతుంటాయి. కుదరదు. దాత బతుకు మీద సంస్థకు బీమా ప్రయోజనం లేదు, అంటే ఆయన పోతే సంస్థకు నష్టం వస్తుందని చట్టం ఒప్పుకునే సంబంధం లేదు. అందుకే పాలసీ మనిషి పేరున మొదలై, తర్వాత సంస్థకు చేరాలి.

ఏ పాలసీ ఇవ్వాలి

మా మొదటి ఓటు ఎల్ఐసీ జీవన్ ఆనంద్ పాలసీకి. పాత జీవన్ ఆనంద్‌లో గానీ న్యూ జీవన్ ఆనంద్‌లో గానీ గడువు పూర్తయ్యాక మెచ్యూరిటీ సొమ్ము, బోనస్‌తో సహా పాలసీదారుకు వచ్చేస్తుంది. అక్కడితో పాలసీ చచ్చిపోదు. ప్రీమియం లేకుండానే, ఆ మనిషి ఎప్పుడు పోయినా మూల బీమా మొత్తం ఇంకోసారి వస్తుంది. చాలామంది మెచ్యూరిటీ డబ్బు తీసుకుని ఈ రెండో భాగాన్ని మర్చిపోతారు. బాండు పాత కాగితాల్లో కలిసిపోతుంది, పిల్లలకు అలాంటిదొకటి ఉందనే తెలియదు, క్లెయిము అడిగే నాథుడే ఉండడు. దానం చేయడానికి ఇంతకంటే తేలికైన ఆస్తి దొరకదు. చేతికి రావాల్సింది వచ్చేసింది, కట్టాల్సింది ఏమీ లేదు, ఇంటి బడ్జెట్‌లో దాని లెక్కే లేదు. మెచ్యూరిటీ సొమ్ము ఖాతాలో పడ్డాక, రిస్క్ కొనసాగుతున్నట్టు నమోదై ఉన్న బాండును వెనక్కి తెచ్చుకుని, అప్పుడు పూర్తి అసైన్‌మెంట్ చేయండి. గడువు మధ్యలో వద్దు.

విలువ విషయంలో మాత్రం కళ్లు తెరుచుకుని ఉండాలి. 62 ఏళ్ల మనిషి 5 లక్షల కవర్‌ను అసైన్ చేసి 82 ఏళ్లకు పోతే, ధరలు ఏటా 6 శాతం పెరిగాయనుకుంటే ఆ 5 లక్షలు నేటి లెక్కలో సుమారు 1,56,000 రూపాయలు. భవనం కడతారని ఆశపడొద్దు. మూలధనంగా బ్యాంకులో వేసి, 6.5 శాతం వడ్డీ అనుకుంటే ఏటా వచ్చే 32,500తో ఒకరిద్దరు విద్యార్థుల ఫీజు కట్టడానికి సరిపోతుంది. అలాంటి పనికే రాయండి.

జీవన్ ఉమంగ్‌ది వేరే స్వభావం. ప్రీమియం కట్టే కాలం అయ్యాక ఏటా మూల బీమా మొత్తంలో 8 శాతం వస్తుంది, కవర్ నూరేళ్ల వయసు దాకా ఉంటుంది. 5 లక్షల పాలసీకి ఏడాదికి 40,000. దీన్ని పూర్తిగా అసైన్ చేస్తే ఆ 40,000 కూడా ట్రస్టుకే పోతుంది. అంతకంటే పాలసీ తన పేరునే ఉంచుకుని, ఏటా వచ్చే ఆ సొమ్మును తన ఖాతా నుంచి విరాళంగా పంపడం తెలివైన పని. పన్ను రశీదు దొరుకుతుంది, సంస్థ పనితీరు చూసి వచ్చే ఏడాది ఇవ్వాలో వద్దో తేల్చుకోవచ్చు.

మామూలు ఎండోమెంట్ పాలసీ (గడువుకు బతికున్నా డబ్బు వచ్చేది) మధ్యలో భారమైపోయిందనుకోండి. సరెండర్ చేసే ముందు పెయిడప్ (ప్రీమియం ఆపేసి, కట్టిన మేరకు తగ్గిన బీమాతో పాలసీని ఉంచుకోవడం) సంగతి చూడండి. 20 ఏళ్ల పాలసీ, 5 లక్షల బీమా, 12 ఏళ్లు కట్టి ఆపేస్తే పెయిడప్ విలువ 3 లక్షలు, అప్పటిదాకా జమైన బోనస్ అదనం. ఇక ప్రీమియం ఉండదు కాబట్టి అలాంటి పాలసీని సంస్థకు ఇస్తే అది తర్వాత ల్యాప్స్ అవుతుందన్న (ప్రీమియం కట్టక ఆగిపోతుందన్న) బెంగ ఉండదు. టర్మ్ పాలసీ చవగ్గా పెద్ద మొత్తం చూపిస్తుంది గానీ, గడువు దాటి బతికితే సంస్థకు పైసా రాదు. దాని మీద ఏ సంస్థా ప్రణాళిక వేసుకోలేదు.

వివాహిత మహిళల ఆస్తి చట్టం, 1874 కింద తీసుకున్న పాలసీ అయితే ఇక్కడే ఆగిపోండి. అది భార్యాపిల్లల ట్రస్టు ఆస్తి. దాన్ని దానం చేసే హక్కు పాలసీదారుకు లేదు. బాండు మీద ఆ చట్టం ప్రస్తావన ఉందేమో ముందే చూసుకోవాలి.

కాగితాల పని ఎలా జరుగుతుంది

మొదట పాలసీ ఏ బ్రాంచి సర్వీసులో ఉందో అక్కడి నుంచి స్టేటస్ రిపోర్టు తీసుకోండి. ఎక్కడిదాకా ప్రీమియం కట్టారు, అప్పు ఉందా, నామినీ ఎవరు, బోనస్ ఎంత, వయసు ధ్రువీకరణ అయ్యిందా లేదా అన్నవి చూడాలి. పాతికేళ్ల కిందటి పాలసీల్లో వయసు ధ్రువీకరణ కాకుండా మిగిలిపోయినవి ఉంటాయి. మనిషి పోయాక ఆయన పదో తరగతి సర్టిఫికెట్ కోసం ట్రస్టు వాళ్లు ఎక్కడ వెతుకుతారు? బతికుండగానే సరిచేయించాలి. పేరు కూడా అంతే. పాలసీలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, మరణ ధ్రువపత్రంలో పేరు చివర: తెలుగువాళ్ల క్లెయిములకు ఇది పాత జబ్బు. అన్నీ ఒకేలా చేయించాకే ముందుకు కదలండి.

పాలసీ మీద అప్పు ఉంటే వడ్డీతో సహా తీర్చి, కంపెనీ పేరున ఉన్న అసైన్‌మెంట్ తొలగినట్టు రాయించుకోవాలి. బాండు పోయి ఉంటే నకలు బాండు కోసం ఇండెమ్నిటీ పత్రం (కంపెనీకి నష్టం వస్తే భరిస్తామన్న హామీ) ఇవ్వాలి, దానికి సమయం పడుతుంది.

తర్వాత సంస్థ వైపు పని. ట్రస్టు డీడ్ లేదా సంఘం రిజిస్ట్రేషన్ పత్రం, పాన్, ఆదాయపు పన్ను నమోదు ఉత్తర్వులు, బ్యాంకు ఖాతాకు చెందిన, రద్దు చేసిన ఒక చెక్కు, ఈ పాలసీని స్వీకరిస్తున్నామని బోర్డు తీర్మానం, సంతకం చేసే అధికారం ఎవరికుందో తెలిపే పత్రం తీసుకోవాలి. పాన్ లేని గుడి కమిటీలకు, నమోదు కాని యువజన సంఘాలకు ఇది అయ్యే పని కాదు. దేవాదాయ శాఖ పరిధిలోని గుడి అయితే కార్యనిర్వహణాధికారి నుంచి రాతపూర్వక అంగీకారం రావాలి, పూజారి గారి మాట చాలదు. ఎంత పెద్ద సంస్థ అయినా పాలసీలు తీసుకుంటుందో లేదో ముందే ఉత్తరం రాసి అడగండి. డబ్బు తీసుకునే సంస్థలన్నీ పాలసీలు తీసుకోవు.

ఇప్పుడు అసైన్‌మెంట్ రాత. రెండు రకాలుగా రాయొచ్చు: బాండు వెనకే రాయడం, లేదా వేరే పత్రం. బాండు మీదే రాస్తే స్టాంపు డ్యూటీ లేదు, వేరే పత్రమైతే ఉంది. కాబట్టి బాండు మీదే రాయండి. చట్టం అడిగేవి: బదిలీ చేస్తున్న సంగతి, కారణం, అసైనీ పూర్వాపరాలు, షరతులు, దాత సంతకం, కనీసం ఒక సాక్షి. రాత ఇలా ఉంటే సరిపోతుంది:

"ఈ పాలసీ మీద నాకున్న సర్వ హక్కులను, పేద విద్యార్థుల చదువుకు తోడ్పడాలన్న కోరికతో, ఎటువంటి ప్రతిఫలం తీసుకోకుండా, (సంస్థ పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, పాన్, చిరునామా) వారికి పూర్తిగా అసైన్ చేస్తున్నాను."

షరతులతో అయితే చివర్లో "పాలసీ గడువు ముగిసే నాటికి నేను జీవించి ఉంటే పాలసీ సొమ్ము నాకే చెల్లించవలెను" అని చేర్చాలి. సాక్షిగా ట్రస్టీలు గానీ, సంస్థ ఉద్యోగులు గానీ వద్దు. ఒక్కరు చాలని చట్టం అన్నా ఇద్దరి చేత పెట్టించండి. కొడుకో కూతురో సాక్షి సంతకం పెడితే ఇంకా మంచిది. "మాకు తెలియదు" అన్న మాట రేపు రాదు.

రాశాక అసైన్‌మెంట్ నోటీసు, అసలు బాండు సర్వీసింగ్ బ్రాంచిలో ఇచ్చి తేదీతో ముద్ర వేసిన రశీదు తీసుకోవాలి. కంపెనీకి నోటీసు అందిన రోజు నుంచే అది కంపెనీని కట్టిపడేస్తుంది. రాసిన బాండు బీరువాలో పెట్టుకుని నోటీసు ఇవ్వకపోతే ఆ రాతను కంపెనీ లెక్కలోకి తీసుకోదు. అసైన్‌మెంట్ నిజాయితీగా లేదనో, పాలసీదారు ప్రయోజనానికో ప్రజా ప్రయోజనానికో విరుద్ధమనో, పాలసీల వ్యాపారం కోసమనో నమ్మడానికి కారణముంటే కంపెనీ తిరస్కరించొచ్చు. అయితే కారణాలు రాసి 30 రోజుల్లో తెలపాలి. దాని మీద మరో 30 రోజుల్లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐకి ఫిర్యాదు చేయొచ్చు. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. సంబంధం లేని పేరుకు పాలసీ బదిలీ అనగానే కౌంటర్‌లో అనుమానంగా చూడటం సహజమే. బోర్డు తీర్మానం, కారణం రాసిన ఉత్తరం జతచేస్తే ఆ అనుమానం చాలావరకు తీరుతుంది.

నమోదు అయ్యాక రాతపూర్వక ధ్రువీకరణ అడిగి తీసుకోండి. అసలు బాండు సంస్థకు, నకళ్లు ఇంట్లో.

ప్రీమియం మిగిలి ఉంటే జరిగే గొడవ

ఎక్కువ పాలసీలు ఇక్కడే చచ్చిపోతాయి. పూర్తి అసైన్‌మెంట్ తర్వాత ప్రీమియం నోటీసులు ట్రస్టు చిరునామాకు పోతాయి. దాత ట్రస్టు కడుతుందనుకుంటాడు, ట్రస్టు దాతే కడతాడనుకుంటుంది. ఏడాది, అర్ధ సంవత్సరం, మూడు నెలల వాయిదాలకు 30 రోజుల వెసులుబాటు, నెలవారీకి 15 రోజులు. అది దాటితే ల్యాప్స్. మళ్లీ బతికించాలంటే బకాయిలు, వడ్డీ, ఆరోగ్య ప్రకటన కావాలి. అప్పటికి దాతకు షుగరో గుండె జబ్బో వచ్చి ఉంటే కంపెనీ ఒప్పుకోకపోవచ్చు.

దీనికి ఒకటే మందు: గడువుకు నెల ముందే దాత ప్రీమియం మొత్తాన్ని విరాళంగా ట్రస్టు ఖాతాకు పంపాలి, ట్రస్టు తన ఖాతా నుంచి కంపెనీకి కట్టాలి. ఈ ఏర్పాటు అసైన్‌మెంట్ రోజే రెండు పక్షాలూ ఉత్తరంగా రాసుకోవాలి.

పన్ను సంగతి ఉన్నదున్నట్టు

80జి అని అందరం పిలిచే మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే. పాలసీ వస్తువు కిందికి వస్తుంది. దాన్ని అసైన్ చేసినందుకు దాతకు మినహాయింపు రాదు. "పాలసీ ఇస్తే సరెండర్ విలువకు 80జి రశీదు ఇస్తాం" అనే సంస్థ ఉంటే దాని లెక్కల మీద అనుమానపడాల్సిందే.

పైన చెప్పినట్టు ప్రీమియం డబ్బును ట్రస్టుకు పంపితే ఆ విరాళానికి మినహాయింపు వర్తిస్తుంది. ఎక్కువ సంస్థలకు ఇచ్చే విరాళంలో సగానికే. 25,000 పంపితే 12,500 తగ్గుతుంది. 20 శాతం శ్లాబులో సెస్‌తో కలిపి మిగిలేది 2,600. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అదీ లేదు. 2,000 దాటిన నగదుకు ఏ విధానంలోనూ లేదు. ఇంకో పరిమితి మొత్తం ఆదాయంలో 10 శాతం. సర్దుబాట్లు పోను ఆదాయం 8 లక్షలైన మనిషి మెచ్యూరిటీ సొమ్ము 5 లక్షలు ఒకేసారి ఇచ్చినా లెక్కలోకి వచ్చేది 80,000, తగ్గేది అందులో సగం, 40,000. 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి, కాబట్టి రశీదు మీద ఏ సెక్షన్ రాస్తున్నారో ఆ ఏడాది చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియాల మీద జీఎస్టీ లేకపోవడం మాత్రం ప్రీమియం కట్టే అందరికీ ఊరటే.

సంస్థల ధర్మకర్తలు చదువుతుంటే వాళ్లకో మాట. ధార్మిక సంస్థల సొమ్ము ఏ రూపాల్లో ఉండాలో పన్ను చట్టం ఒక జాబితా ఇస్తుంది. దానంగా వచ్చినా ఆ జాబితాలో లేని ఆస్తిని, వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక ఏడాది దాటి అట్టిపెట్టుకుంటే మినహాయింపుకే ఎసరు. పాలసీ స్వీకరించే ముందే మీ ఆడిటర్‌తో దీన్ని రాతపూర్వకంగా తేల్చుకోండి. దాత మూలధనంగా ఇస్తున్నాడంటే ఆ మాట ఆయన చేత ప్రత్యేకంగా ఉత్తరం రాయించుకోవాలి. లేకపోతే వచ్చిన డబ్బు ఆ ఏటి ఆదాయమైపోయి 85 శాతం ఖర్చు చేయాల్సి వస్తుంది.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు

భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇచ్చేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) మీద ఉన్నవాళ్లు ఇచ్చేది వస్తుంది. అప్పుడు తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా ఉండాలి. సొంత ఊళ్లోని చిన్న ట్రస్టుకు సాధారణంగా అవి ఉండవు.

అమెరికా పాలసీలకు పద్ధతి తేలిక: బెనిఫిషియరీగా (డబ్బు పొందే హక్కుదారుగా) అక్కడి నమోదిత ధార్మిక సంస్థ పేరు, పన్ను గుర్తింపు సంఖ్య రాస్తే చాలు, అదే హక్కు. ఉద్యోగం ఇచ్చిన గ్రూపు టర్మ్ బీమా 50,000 డాలర్లు దాటితే ఆ పై భాగం ఖర్చు జీతంలో కలిసి పన్ను పడుతుంది. ఏడాది పొడవునా బెనిఫిషియరీ ధార్మిక సంస్థ ఒక్కటే అయితే ఆ పన్ను ఉండదు. భార్యాపిల్లలకు వేరే పాలసీ ఉన్నవాళ్లు దీన్ని చూడొచ్చు.

మనిషి పోయాక

క్లెయిము అడగాల్సింది సంస్థే. కానీ మరణవార్త సంస్థకు ఎవరు చెప్పాలి? అందుకే సంస్థలో దాతల పాలసీల రిజిస్టరు ఉండాలి. ఏడాదికోసారి దాత ఇంటికి ఫోన్ చేసి క్షేమం కనుక్కునే మనిషి ఉండాలి. ఆ ఫోన్ క్లెయిము కోసమే కాదు, ఆ ఇంటితో సంస్థకు ఉండాల్సిన బంధం అది.

ఎల్ఐసీలో అయితే 3783 నంబరు క్లెయిము ఫారం, అసలు బాండు, పంచాయతీ లేదా మునిసిపాలిటీ ఇచ్చిన మరణ ధ్రువపత్రం, సంస్థ బ్యాంకు వివరాలు ఇవ్వాలి. మరణ ధ్రువపత్రం ఇంటివాళ్లే తెచ్చివ్వాలి కాబట్టి వాళ్ల మనసులో దానం మీద కోపం ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది. పాలసీ తీసుకున్నప్పటి నుంచో, బతికించినప్పటి నుంచో మూడేళ్లు దాటితే 45వ సెక్షన్ ప్రకారం కంపెనీ పాలసీని ప్రశ్నించలేదు. మూడేళ్లలోపైతే విచారణ ఉంటుంది. విచారణ అక్కర్లేని మరణ క్లెయిములను 15 రోజుల్లో, విచారణ ఉన్నవాటిని 45 రోజుల్లో తేల్చాలని ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది. అంతకు మించి నానిస్తే అసైనీ హోదాలో సంస్థ ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి, అక్కడా తేలకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. 50 లక్షల వరకు అక్కడ రుసుము లేకుండా, లాయరు లేకుండా వింటారు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ ఒక్క కార్యాలయమే.